గొంతు పెంచే పెట్టె, మామ మంద

నోటితో ఒక మంద గొర్రెలను ఏట్లో ముంచిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఈ నాలుగు ముక్కలు చదవండి. ఆ ఘనుణ్ణి నేనే. చదివి నవ్వుకోండి, నాకేం బాధ లేదు. బాధ పడవలసినవాళ్లు వేరే ఉన్నారు.

పందొమ్మిది వందల అరవైలలో మాట. సైన్యంలో వైర్‌లెస్ పని నేర్చుకుని ఏడాదైనా కాలేదు. కృష్ణకు వరద వస్తే మా దళాన్ని ఆత్మకూరు వైపు పంపారు. మాది ఆ పక్కనే గొర్లకాపరుల ఇల్లు. మా మేనమామ మల్లయ్య ఏటా చేసినట్టే నది నడుమ గడ్డ మీదికి మందను తోలుకుపోయి అక్కడే చిక్కుకున్నాడు. ఒడ్డున అత్త కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. మూడు మైళ్ల ఎగువ నుంచి మా పడవ బయలుదేరింది. అందులో ఇంకో వైర్‌లెస్ పట్టుకుని నల్లగొండ యాదగిరి ఉన్నాడు. అత్త పక్కనే ఒడ్డున నిలబడి వాడికి దారి చెప్పడమే నా పని.

వీపున మోసే చిన్న సెట్టు ఆ మాత్రం దూరానికి చాలు. జీపులో పవర్ ఆంప్లిఫయర్ కూడా ఉంది. మన మాటను ఎన్నో రెట్ల బలంతో పంపే ఇనుప పెట్టె అది. "పాలమూరుతో మాట్లాడడానికే అది, ముట్టుకోకు" అని కెప్టెన్ సాబ్ మరీ మరీ చెప్పి పోయాడు. కానీ సొంత అత్త ముందు చిన్న సెట్టుతో గుసగుసలాడితే నా మిలిటరీ పరువేం కావాలి? తగిలించాను.

ఇక్కడ మా ఇళ్లలో అలవాటొకటి చెప్పాలి. కాపరి ఒక గుట్ట మీద నుంచి ఇంకో గుట్ట మీదివాణ్ణి పిలిస్తే, వాడు పలికేదాకా ఆపడు. పలకకపోతే ఇంకా గట్టిగా పిలుస్తాడు. వైర్‌లెస్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. మీట నొక్కితే మన మాట పోతుంది, వదిలితేనే అవతలి మాట వస్తుంది. పరీక్షలో ఈ ముక్క రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

మీట నొక్కాను. "యాదగిరీ, రెండు గడ్డలున్నయి. ఎడమదానికి పో. మా మామ ఆడున్నడు."

"ఏమంటున్నరు బిడ్డా?" అంది అత్త.

"ఏమంటలేరు అత్తా."

"ఇనవడ్డదో లేదో. జర గట్టిగ ఒర్రు."

ఒర్రాను. నీళ్లు గడ్డ అంచు దాటాయి.

"ఇప్పుడన్న పలికిండా?"

"లేదు."

"గా పిల్లగాడు పండిండేమో. ఇంక గట్టిగ ఒర్రు, నీ నోట్ల మన్నువడ. మీ నాయిన ఒర్రితే రెండు ఊర్లు లేస్తుండె."

నాయిన పరువు కూడా నెత్తిన పడింది. వేలు తెల్లబడేదాకా మీట నొక్కిపట్టి గంటసేపు అరిచాను. మెడ నరాలు పగ్గాల్లా లేచాయి. చివరికి ఆ పెట్టెలోంచి పొగ వచ్చింది. భయపడి మీట వదిలేసి తీగలు పీకేశాను. అప్పుడు చిన్న సెట్టులోంచి యాదగిరి గొంతు వినిపించింది. ఏడుస్తున్నాడు.

"నీ కాల్మొక్త, జర ఆపురా. గంట సంది అడుగుతున్న. నీ ఒర్రుడుకు చెవులు పలుగుతున్నయి గని ఒక్క ముక్క సమజైతలేదు. కుడి గడ్డ చుట్టు తిరిగిన, ఈడ ఎవ్వల్లేరు. ఎడమదా?"

"ఎడమదే" అన్నాను. అంత మెల్లగా అన్న మాట చక్కగా అందింది.

పడవ చేరేసరికి మామ ఒక రాయి మీద, నడుముదాకా నీళ్లలో ఉన్నాడు. చంకలో ఒక్క గొర్రెపిల్ల. మంద లేదు. వాళ్లింటికి తిండీ బట్టా అన్నీ ఆ మందే.

ఒడ్డున దిగి, అత్త వైపు చూడలేక నా వైపు చూశాడు.

"నీ గొంతు గడ్డ మీదికి మంచిగ ఇనవడ్డది అల్లుడా. మొదట్ల అవతలి పాయల మోకాళ్లకాడికే నీళ్లు. మందను దాటిద్దమనుకున్న. నువ్వు గంతగనం ఒర్రుతుంటే, ఇగ పడవ వచ్చినట్టే అని కూసున్న."

కెప్టెన్ సాబ్ వేసిన శిక్ష దీని ముందు గంధం పూసినట్టే ఉంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆనాడే కృష్ణమ్మ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఎదుటివాడు పలకకపోతే, వాడు చెవిటివాడని తేల్చే ముందు నా వేలు ఎక్కడుందో చూసుకుంటాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ ఒట్టు తప్పలేదు. ఈ సంగతి మామకు చెప్పుకుందామని సెలవుల్లో రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. రెండుసార్లూ కూలికి పోయాడన్నారు.