ఒక్క సన్యాసమ్మ కాదు

ప్రమోదిని పట్టిందంటే ఉడుంపట్టే. పూండి పక్క జీడితోటల రైతు కూతురు, కాశీబుగ్గలో ఓ ట్రస్టు నడిపే డయాలసిస్ కేంద్రంలో కంప్యూటరు చూస్తుంది. రోగుల వివరాలన్నీ ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఉంటాయి. మనిషికో నోడ్, అందులో పేరు, ఇంటిపేరు, ఊరు, రావాల్సిన రోజు. ‘ఫలానా ఊరు, సోమవారం’ అని షరతు రాస్తే, ఆ రోజు కేంద్రం బండెక్కాల్సినవాళ్ళే జల్లెడ పట్టినట్టు బయటికొస్తారు. ఆ షరతులు రాయడం తనే కూర్చుని నేర్చుకుంది.

ఒకే మనిషి పేరు జాబితాలో రెండుసార్లు పడుతోందని ఈ మధ్య ఇంకో షరతు పెట్టింది. పేరు, ఇంటిపేరు, ఊరు మూడూ కలిస్తే మొదటి నోడే ఉంచి తక్కినవి వదిలెయ్యమని. తోటల ఊళ్ళలో అది చక్కగా నడిచింది. సముద్రపొడ్డున నడుస్తుందా? అక్కడ ఊరు ఊరంతా ఒకటే ఇంటిపేరు, మొక్కుకు పుట్టిన ఆడపిల్లలంతా సన్యాసమ్మలే! రైతుబిడ్డకి ఆ సంగతి తట్టలేదు.

సోమవారం పొద్దున్నే సముద్రపొడ్డు ఊర్నుంచి డ్రైవరు ఢిల్లీబాబు ఫోను చేశాడు.

“మేడమ్, ఏటిది? ఇక్కడ ఇద్దరు సన్యాసమ్మలున్నారు. మీరిచ్చిన కాయితంలో ఒకర్తే ఉంది. రెండో ఆవిడ కిందటి వారం కూడా ఉండిపోనాదంట. కాళ్ళు పొంగిపోనాయి, ఊపిరందట్నేదు.”

ప్రమోదినికి తను పెట్టిన షరతు గుర్తొచ్చింది. తప్పెవరిదని వెతకాల్సిన పనే లేదు.

“ఇద్దర్నీ ఎక్కించీ బాబూ.”

“మంచం ఖాళీ ఉందా మరి?”

“అది నాను సూసుకుంతాను. నువ్వు ముందు బయల్దేరు!”

నర్సు కామాక్షమ్మను బతిమాలి, పోట్లాడి ఒక మంచం సంపాదించింది. తర్వాత ఫైలు ముందు కూర్చుంది. వదిలెయ్యమన్న షరతు తీసేసి, దాన్నే తిరగేసి అడిగింది. పేరు, ఇంటిపేరు, ఊరు కలిసి తన చేత్తో మరుగున పడినవాళ్ళెవరో చూపించమంది. ఇంకో ఐదుగురు బయటపడ్డారు. ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఊళ్ళో మిమ్మల్ని ఏమని పిలుస్తారని అడిగి, వాళ్ళ నోడ్‌లో ఆ పిలుపుకో ట్యాగు చేర్చింది. పెద్దతెప్ప సన్యాసమ్మ, రేవుకాడి సన్యాసమ్మ జాబితాలో వేరువేరుగా వచ్చారు. ఆ ఐదుగురిలో ఇద్దరు మాత్రం ఎంతకీ ఫోనెత్తలేదు.

ఈలోగా ఆ రెండో ఆవిడ, రేవుకాడి సన్యాసమ్మ మంచమెక్కింది. సూది గుచ్చి, గొట్టాల్లో రక్తం తిరుగుతుంటే కాస్త తెప్పరిల్లి, పక్కన నిలబడ్డ ప్రమోదినిని ఎగాదిగా చూసింది.

“ఒలే గుంటా, కాయితంలోంచి నన్ను కొట్టేసినావంట?”

“కొట్టేసినాను పెద్దమ్మా. తప్పయిపోనాది.” చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

“ఏడుపెందుకే! నాను పోతే కొట్టేద్దువుగాని. అప్పుడైనా ఓపాలి ఇంటికొచ్చి, సూసి మరీ కొట్టు.”

మర్నాడు ప్రమోదిని కంప్యూటరు ముందు కూర్చోలేదు. ఫోనెత్తని ఆ ఇద్దరి ఇళ్ళూ కనుక్కోవడానికి ఢిల్లీబాబు పక్కన బండెక్కింది.