రాళ్ళు నింపి చూసిన బ్యాగు

మా జియాలజీ సార్ పోయారని మొన్న పొద్దున హాస్టల్ నాటి మిత్రుడు ఫోన్ చేశాడు. "సార్ పోయిండురా. నిద్రలనే పోయిండంట," అన్నాడు. తార్నాకలోని ఆయన ఇంటికి నేను వెళ్ళి చాలా ఏళ్ళయింది. తప్పు నాదే. ఎందుకో చెబుతాను.

సార్‌ది కోస్తా. యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. తెలంగాణ కోసం మేం క్లాసులు మానేసి రోడ్డెక్కిన రోజుల్లో ఆయన ఖాళీ బెంచీల ముందు కూర్చుని పేపర్ చదువుకునేవారు. రాష్ట్రం విడిపోవడం ఆయనకు ఇష్టం లేదు. ఆ మాట దాచలేదు, మా మీద రుద్దనూ లేదు.

ఉద్యమం కోసం క్యాంపస్ నుంచి వరంగల్ దాకా నడుద్దామని హాస్టల్లో అనుకున్నాం. నేను తార్నాక చౌరస్తాలో పెద్ద బ్యాగు కొన్నాను. దానికి పదకొండు జేబులు. గర్వంగా తగిలించుకుని వస్తుంటే డిపార్ట్‌మెంట్ మెట్ల మీద సార్ ఎదురై, ఎక్కడికని అడిగారు. చెప్పాను. చీవాట్లు పడతాయనుకున్నాను. ఆయన బ్యాగును చిటికెనవేలితో ఎత్తబోయి వదిలేశారు.

"ఖాళీదే ఇంత బరువుంటే, నింపాక ఎలా మోస్తావయ్యా?"

"జేబులు మస్తుగున్నయి సార్."

"జేబులున్నాయి కదా అని నింపుతావు. అదే చిక్కు."

లోపలికెళ్ళి తన ఫీల్డు బ్యాగు తెచ్చారు. పల్చటి నైలాన్‌ది. వెడల్పాటి పట్టీలు, నడుముకు బెల్టు, రెండే అరలు. నాకు తగిలించి పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి చూశారు. "బరువు భుజం మీద కాదు, నడుం మీద పడాలి. బరువైనవి వీపుకు ఆనించి పెట్టుకో," అన్నారు. తర్వాత దాన్ని రాళ్ళతో నింపారు. అది మా డిపార్ట్‌మెంట్ ఆచారం. ఫీల్డుకు వెళ్ళేముందు ల్యాబులోని నమూనా రాళ్ళేసుకుని తార్నాక దాకా నడిచి రావాలి. ఎక్కడ ఒరుసుకుంటుందో అప్పుడే తెలుస్తుంది.

ఆ ఆచారం పుట్టిన నాటికి గేటు దగ్గర పోలీసులు లేరు. ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

గేటు దగ్గర కానిస్టేబుల్ నన్ను ఆపి బ్యాగు తెరిచాడు. "ఏందిరా ఇవి? ఎవల మీద ఏస్తవ్?" రెక్క పట్టుకుని వ్యాను వైపు లాక్కెళ్ళాడు. ఆ రోజుల్లో వ్యానెక్కినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో ఎవరికీ తెలియదు. చాలా భయపడ్డాను. వెనకే నడిచి వస్తున్న సార్ ఆయాసపడుతూ వచ్చి వ్యాను తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. ఒక రాయి తీసి, దాని మీద తెల్లరంగుతో వేసిన నంబరు చూపించారు.

"విసిరే రాళ్ళకి ఎవరైనా నంబర్లేసుకుంటారా అండీ? ఇవి నావి. ఎక్కిస్తే నన్నెక్కించండి."

వదిలేశారు. తిరిగొస్తూ సార్ అన్నది ఒక్కటే: "ఎడమ పట్టీ కాస్త బిగించు."

వరంగల్ చేరాం. నా భుజాలు కందలేదు. ఇప్పటికీ ఏ బ్యాగు కొన్నా పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి చూస్తాను, షాపువాళ్ళు నవ్వుతారు.

ఆ దారిలో జనగామ దాటాక ఏరిన నల్లరాయి ఒకటి సార్‌కిచ్చాను. ఆయన చీటీ మీద రాతి పేరు, ఊరి పేరు రాసుకుని, రాష్ట్రం అన్న గడి దగ్గర కలం ఆపారు.

"ఇది ఖాళీగా ఉంచుతున్నా. మీ రాష్ట్రం వస్తే నువ్వే వచ్చి నింపు."

వచ్చింది. నేను వెళ్ళలేదు. గెలిచినవాడిలా ఆయన ముందు కలం పట్టుకోవడానికి మొహమాటపడ్డాను. రేపు, మాపు అంటూ ఏళ్ళు గడిపేశాను.

ఫోన్ వచ్చిన రోజే వెళ్ళాను. సార్ భార్య నన్ను ఆయన గదిలోకి తీసుకెళ్ళి, "నీ రాయి బల్ల మీదే ఉంది బాబూ. ఎవర్నీ కదపనిచ్చేవారు కాదు," అన్నారు. చీటీ పసుపెక్కింది. రాష్ట్రం గడిలో 'తెలంగాణ' అని ఉంది. మిగతా అక్షరాలు నల్ల ఇంకువి, ఇది నీలం. సార్ రాతే, కానీ గీతలు వణికాయి. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

రాయి మీద దుమ్ము లేదు.