ఒక్క ఎర్ర మీట

శామీర్‌పేటలోని రక్తపరీక్షల సెంటర్‌లో మొన్న ఉదయం టోకెన్ యంత్రం మళ్ళీ మళ్ళీ కీచుమంది. దాని ముందు పరగడుపున వచ్చిన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తెర మీద ‘ఏదో తప్పు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి’ అన్న అక్షరాలు. తప్పు తన వేలిదే అన్నట్టు ఆయన దాన్ని పంచెకు తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. ఆ కీచుశబ్దానికి నాకు ఎస్తేరు మేడమ్ గుర్తొచ్చింది. ఆమె ఉంటే ఆ యంత్రాన్ని అక్కడ పెట్టినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళేది.

పత్రికలో డెస్కు ఉద్యోగం పోయాక నేను మేడ్చల్ దగ్గర బోరు మోటార్లకు స్టార్టర్ డబ్బాలు తయారుచేసే ఒక కంపెనీలో చేరాను. ఆ డబ్బాతో ఇచ్చే వివరాల పుస్తకం తెలుగులో రాయడం నా పని. ఎస్తేరు మేడమ్ సర్వీసు విభాగానికి పెద్ద. మచ్చ బొల్లారం నుంచి స్కూటీ మీద వచ్చేది. ఆదివారం చర్చిలో పాడిన గొంతుతోనే సోమవారం ఇంజినీర్లను తిట్టేది. నేను శ్రద్ధగా రాసిన మొదటి పుస్తకాన్ని తిరగేసి నా బల్ల మీద పడేసింది.

“మస్తు రాసిన్రు రిపోర్టర్ సారూ. గిదంత సదివి బంద్ చేసేలోపల మోటరు కాలిపోతది. గింతగనం చెప్పాల్సి వస్తాందంటే డబ్బానే సక్కగ లేదన్నట్టు.”

ఆమెకొక పద్ధతి ఉండేది. కొత్త డబ్బా ఏదైనా అమ్మకానికి ముందు ఒక రైతు పొలంలో బిగించాలి. ఆ తర్వాత కంపెనీ మనుషులెవరూ నోరు మెదపకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఆ రైతు వేలు ఎక్కడ తడబడుతుందో చూడాలి. తడబడిన చోట డబ్బాను మార్చాలి. పత్రికలో అన్నేళ్ళు రాసినా, చదివే మనిషి ముఖాన్ని నేను ఎన్నడూ చూడలేదు. చూడటం అక్కడే నేర్చుకున్నాను.

కొత్తగా వచ్చిన జనరల్ మేనేజర్ మీటలన్నీ తీసేసి, ఫోనుతో నడిచే స్టార్టర్ చేయించాడు. వేసవిలోపు అది దుకాణాలకు చేరాలని యజమాని తొందర. మేడమ్ పట్టుబట్టడంతో ముందుగా లచ్చవ్వ అనే రైతు పొలంలో బిగించారు. మోటారు నడుస్తూ ఉండగానే బోరులో నీళ్ళు తగ్గి పైపు గాలి కక్కడం మొదలుపెట్టింది. వెంటనే ఆపకపోతే మోటారు కాలుతుంది. లచ్చవ్వ బురద చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది. మేనేజర్ ఉండబట్టలేకపోయాడు.

“అవ్వా, పైన మూడు గీతలున్నాయి చూడు. అవి నొక్కితే...”

“గీతలేడున్నయి బిడ్డా, ఎండకు నా మొకమే కనబడ్తాంది,” అంది లచ్చవ్వ.

మేడమ్ గబగబా వెళ్ళి మెయిన్ స్విచ్ దించేసి, ఆయన వైపు తిరిగింది. “డబ్బాడబ్బాకు మిమ్మల్ని గూడ కట్టి పంపుదమా సార్?”

ఆఫీసుకు వచ్చాక యజమాని ముందు ఆమె అడిగింది ఒక్కటే. “బంద్ చేసెటందుకు ఒక్క ఎర్ర మీట పెట్టున్రి సార్. లేకుంటే జనం పక్క దుకాన్ల దొరికే రెండు మీటల డబ్బా కొనుక్కుంటరు.” మీట పెడితే కొత్త సరుకు పాతదానిలా కనబడుతుందన్నాడు మేనేజర్. యజమాని ఆయన మాటే విన్నాడు.

ఆ వేసవిలో సర్వీసు ఫోన్లు ఆగకుండా మోగాయి. కాలిన మోటార్ల వాళ్ళు బండబూతులు తిట్టారు. కొన్నాళ్ళకు ఫోన్లు తగ్గాయి. జనానికి అలవాటైందని మేనేజర్ సంబరపడ్డాడు. మేడమ్ ముఖం మాత్రం పాలిపోయింది.

“తిట్టెటోడు మల్ల వస్తడు సార్. సప్పుడు జెయ్యక పోయెటోడు రాడు.”

రాలేదు. డీలర్లు అమ్ముడుపోని డబ్బాలను గేటు దగ్గర దించి వెళ్ళిపోయారు. ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు ఆగింది. ఖర్చు తగ్గించాలంటూ మొదట మూసింది సర్వీసు విభాగాన్నే. నష్టానికి కారణం ‘వినియోగదారుల అవగాహన లోపం’ అని నోటీసు బోర్డుకు అతికించారు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ మేడమ్ అది చదివింది. “లోపం లచ్చవ్వదంట,” అని మెట్లు దిగింది. ఊరూరా ఏళ్ళ తరబడి సంపాదించుకున్న నమ్మకాన్ని డబ్బా అందం కోసం పోగొట్టిన మనిషి కుర్చీలోనే మిగిలాడు. ముందే చెప్పిన మనిషి ఇంటికి వెళ్ళింది. ఆ అతికించిన కాగితం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మేడమ్ నిరుడు చనిపోయింది. ఆ మంట చల్లారలేదు.

టోకెన్ యంత్రం ముందు పెద్దాయన వేలు ఇంకా వెతుకుతూనే ఉంది. నొక్కాల్సిన గడి తెర అడుగున, బూడిద రంగులో, ఉందా లేదా అన్నట్టు ఉంది. సాయం చేద్దామని నేను లేచేలోపే ఆయన డాక్టరు చీటీ జేబులో పెట్టుకుని, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న వేరే ల్యాబ్ మెట్లెక్కాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు.

కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి చెప్పాను. “మిషన్ మంచిగనే ఉందంకుల్. ఇప్పటిదాంక ఎవ్వలూ కంప్లైంట్ చెయ్యలే,” అన్నాడు.

“మీ సారును పిలువు. మిషన్ ముందల నిలబెట్టి టోకెన్ తీసుకొమ్మందాం,” అన్నాను, చేతులు వెనక్కి కట్టుకుంటూ. “నువ్వు మాత్రం నోరు తెరవొద్దు.”