కుర్చీ మీద దస్తీ

మా ఇబ్రహీంపట్నం లైబ్రరీ తలుపు పొద్దున ఎనిమిదింటికి తెరిచేవారు. అప్పటికే గేటు దగ్గర అందరికంటే ముందు నేను ఉండేదాన్ని. మా ఇల్లు అక్కడికి రెండు గల్లీల దూరం, అంతే. తలుపు తెరవగానే లోపలికి ఉరికి, ఫ్యాను కింద కుర్చీ మీద నా జేబురుమాలు, మా వైపు మాటలో దస్తీ, పరిచేదాన్ని. బస్సు కిటికీలోంచి దస్తీ వేస్తే సీటు మనదైనట్టే ఇక్కడ కూడా. ఆ తర్వాత తీరుబడిగా ఇంటికి పోయి, టిఫిన్ తిని వచ్చేదాన్ని. కానిస్టేబుల్ కొలువుకు చదివేవాళ్లం ఇరవై ఎనిమిది మందిమి, కుర్చీలు పద్నాలుగు. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది: "ముందు వచ్చినవారికే కుర్చీ." ఎంత న్యాయమైన మాట అనుకునేదాన్ని! నా అంత క్రమశిక్షణ ఇంకెవరికుందని లోలోపల ఒకటే గర్వం.

ఆ గర్వాన్ని ఒకామె దులిపి పారేసింది. పక్క ఊరి నుంచి వచ్చేది, నా ఈడుదే. రోజూ తొమ్మిదిన్నరకో పదింటికో చెమటలు కక్కుతూ వచ్చి, కుర్చీ దొరక్క మెట్ల మీద కూర్చుని చదివేది. ఒకరోజు నేను టిఫిన్ చేసి వచ్చేసరికి నా దస్తీ కిటికీలో ఉంది, ఆమె నా కుర్చీలో ఉంది. నాకు నషాళానికంటింది.

"లే! దస్తీ కనవడలేదా?"

"కనవడ్డది. దస్తీ చదువుతలేదు గదా, నేనన్న చదువుకుందామని కూసున్న."

"నేను ముందుగాల వచ్చిన. నువ్వు గూడ జల్ది రా, ఎవలద్దన్నరు?"

ఆమె పుస్తకం మూసి నన్ను తేరిపార చూసింది. "నీకు రెండు గల్లీలు. మా ఊర్ల మొదటి బస్సే ఎనిమిదిన్నరకు. ఒక్కరోజు నా లెక్క వచ్చి సూపియ్యి. మల్ల నేను ఈ కుర్చీ దిక్కు కన్నెత్తి సూస్తె అడుగు."

"వస్త! నాకేమన్న భయమా?" అన్నాను. నా నోరే నాకు శత్రువు.

అన్నాక తప్పుతుందా? ఆ సాయంత్రమే సంచి సర్దుకుని ఆమె వెంట పోయాను. తెల్లవారి ఐదింటికి లేపింది. ఆమె బర్రె పాలు పిండి, డెయిరీలో పోసి వచ్చి, ఇంటిల్లిపాదికీ వంట చేసింది. నేను వాకిలి ఒక్కటి ఊడ్చాను, దానికే నడుము పట్టేసింది. ఎనిమిదిన్నర బస్సు తొమ్మిదికి వచ్చింది. ఆడవాళ్లకు టికెట్ లేదాయె, లోపల కాలు పెట్టే సందు లేదు. ఎవరో దిగుతుంటే చూసి, ఆమె గభాలున కిటికీలోంచి దస్తీ విసిరింది.

"ఎక్కు, సీటు నీకే. ఇయ్యాల సుట్టానివి గదా!" అని నవ్వింది.

నేను కూర్చున్నాను. ఆమె నిలబడి, ఒక చేత్తో రాడ్ పట్టుకుని, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని దారి పొడుగునా చదువుతూనే ఉంది. లైబ్రరీ చేరేసరికి పది కావస్తోంది. పద్నాలుగు కుర్చీల మీద పద్నాలుగు దస్తీలున్నాయి, మనుషులు మాత్రం ఆరుగురే.

అప్పుడొచ్చింది చూడండి నాకు కోపం! సగం వాళ్ల మీద, సగం నా మీద. దస్తీలన్నీ ఏరి బల్ల మీద కుప్ప పోశాను. "ఇగ రేపటి సంది చీటీలెయ్యాలె! పదింటికి, బస్సులచ్చినంక. సగం మంది పొద్దటి పూట, సగం మంది పగటి పూట!" అని అరిచాను. ఒకటే గోల. రోజూ నా పక్కన కూర్చునే అన్న ఒకాయన లేచాడు.

"గట్లయితే మార్కులు గూడ అందరికి సమానంగ పంచుమంటవా? కొలువులు గూడ చీటీలేసి ఇద్దమా?"

గట్టి మాటే అన్నాడు మరి.

"మార్కులు ఎవలయి వాళ్లయే అన్నా. గెలిచినోళ్లకే కొలువు. గని మనకు రన్నింగ్ పెట్టేటప్పుడు అందరిని ఒక్క గీత మీదనే నిలవెడ్తరు గదా? నేను ఇన్నొద్దులు రెండు గల్లీల ముందట నిలవడి ఉరికిన. మస్తు ఉరుకుతున్న అనుకున్న!"

రిటైర్మెంటుకు దగ్గరపడ్డ లైబ్రరీ సారు కళ్లద్దాలు తుడుచుకుని, "చీటీలు నేను రాస్త గని మీరు కొట్టుకోకున్రి" అన్నారు. మర్నాడు మొదటి చీటీ తీసింది నేనే. తిరగని ఫ్యాను కింద కుర్చీ వచ్చింది. "మంచిగైంది!" అని అందరూ చప్పట్లు కొట్టారు.

ఫలితాలొచ్చిన రోజు లైబ్రరీ మెట్ల మీద ఇద్దరం ఒకే ఫోనులో వెతికాం. ఆమె నెంబరు ఉంది! ఆమెకంటే ముందు నేనే కేక పెట్టాను. ఇద్దరం పట్టుకుని గెంతుతుంటే సారు కూడా వారించలేదు. ఆ తర్వాత నా నెంబరు వెతికాం. మూడుసార్లు చూశాం. లేదు.

అబద్ధమెందుకు, ఇంటికొచ్చి కుళ్లి కుళ్లి ఏడ్చాను. కొద్ది మార్కుల్లో పోయింది. "ఆ కుర్చీ ఇడిచిపెట్టకపోతె నాకే వస్తుండె" అన్నాను అమ్మతో. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, తలెత్తకుండానే, "గట్లయితే ఆ కుర్చీకే ఇస్తుండిరి గదా బిడ్డా కొలువు" అంది. ఏడుస్తూనే నవ్వేశాను.

ఆమె ట్రైనింగుకు పోయే రోజు బస్టాండుకు వెళ్లాను. పెట్టె ఎక్కించి దిగాను. ఆమె కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో దస్తీ పరిచింది.

"గిదెవలికే?" అన్నాను.

"నీకే. నేను ముందుగాల వచ్చిన గదా, ఆపి పెట్టిన. మల్లచ్చే నోటిఫికేషన్ల వచ్చి కూసో."

బస్సు కదిలింది. మన్నెగూడ చేరకముందే ఆ సీట్లో ఎవరో ఒకరు కూర్చుంటారని నాకు తెలుసు. అయినా కాళ్లు ఆగలేదు. "తియ్యకు! వస్తున్న! తియ్యకు!" అని అరుస్తూ బస్సు వెంట ఉరికాను. నాకు బస్సు తప్పిపోయిందనుకుని బస్టాండులో జనమంతా "ఆపున్రి, ఆపున్రి" అని కేకలేశారు.

బస్సు ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "ఎక్కుతవా అక్కా?" అన్నాడు.

"దీనికి గాదన్నా," అన్నాను రొప్పుతూ, "దీని ఎన్క దానికి."