ఖాళీ అని రాసిన మూడో గుంత

తొంభైల చివర్లో మేళ్లచెరువు దగ్గరి ఒక సున్నపురాయి గనిలో నేను కంప్యూటర్ మనిషిని. రాయి పగలగొట్టే మందు పేల్చే ముందు ఏ గుంతలో ఎవరున్నారో చెప్పే కాగితం నా ప్రోగ్రాం నుంచే వచ్చేది. అంతకు ముందు ఆ పని ఇత్తడి బిళ్లలది. గుంతలోకి దిగేవాడు గేటు దగ్గర ఆ గుంతకున్న మేకుకు తన బిళ్ల తగిలించి, పైకొచ్చాక తీసుకునేవాడు. కంప్యూటర్ వచ్చాక కూడా ఆ బిళ్లలు వేలాడుతుంటే నాకు ఒళ్లు మండేది. సోమవారం నుంచి వాటిని తీసేయమని స్టోరుకు నోటు రాసి సంతకం పెట్టాను.

ఆ సోమవారానికి ముందు శుక్రవారం మధ్యాహ్నం, మందు పేల్చే మేస్త్రీ నా కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“సారూ, మూడో గుంత ఖాళీ అంటాంది గీ కాయిదం. మేకుకైతే బిళ్ల ఉన్నది.”

“ఎవడో మర్సిపోయిండు. పేలుడు సైరన్ కొట్టియ్యి, టైమైతాంది,” అన్నాను.

“నేను కొట్ట. జర ఆగుండ్రి, చూసొస్త.”

కాసేపటికి అతని వెనక ఒక డ్రిల్లర్ వచ్చాడు, నిలువెల్లా తెల్లటి దుమ్ముతో. జతగాడు జుమ్మా నమాజుకు పోతే ఒక్కడే ఉండి మిషను బాగుచేసుకుంటున్నాడట. తువ్వాలుతో మొహం తుడుచుకుని మంచినీళ్లు అడిగాడు.

గేటు దగ్గర ఎక్కించిన అతని పేరు కంప్యూటర్లో ఉంది, జతగాడు పైకొచ్చాక అదొక్కటే మిగిలింది. నా ప్రోగ్రాం ఆ వివరాలను ఎక్స్‌ఎంఎల్ అనే రూపంలోకి మార్చేది. డబ్బాలో డబ్బా పెట్టినట్టు గనిలో గుంత, గుంతలో జాబితా, జాబితాలో పేర్లు. ఇద్దరుంటే బాగానే మార్చేది. ఒక్కడే మిగిలితే జాబితా డబ్బాను తీసేసి పేరును నేరుగా గుంతలో పడేసేది. కాగితం అచ్చువేసే ప్రోగ్రాం జాబితా కోసమే వెతికి, కనబడక ‘ఖాళీ’ అని రాసేది. తప్పు జరిగిందని ఎక్కడా చెప్పేది కాదు. గుంతలో ఒంటరిగా ఉండకూడదన్నది రూలు కాబట్టి ఒక్క పేరుతో నేనెప్పుడూ పరీక్షించలేదు. నమాజు వేళ జత విడిపోతుందని గనిలో అందరికీ తెలుసు, నాకు తప్ప.

పాత కాగితాలు తీసి చూశాను. అంతకు ముందు శుక్రవారాలన్నీ మూడో గుంత ఖాళీయే.

“గప్పుడు గూడ కాయిదం గిట్లనే అన్నది సారూ,” అన్నాడు మేస్త్రీ. “బిళ్ల జూసి ఆగిన. మీకు చెప్తే కోపానికొస్తరని చెప్పలే. సోమారం నుంచి బిళ్లలే ఉండయంటిరి, గందుకే ఇయ్యాల చెప్పిన.”

స్టోరుకు పోయి నా నోటు వెనక్కి అడిగాను. దాన్ని చించేసి, బిళ్లలు మేకులకే ఉండనివ్వమన్నాను.