నా నోటితో నేనే వేసుకున్న ఒట్టు

సహోదరులారా, సహోదరీలారా, పదకొండేళ్ళు నేను నా సొంత నోటికి భయపడి బతికాను. మాది అనంతగిరి మండలంలో తారురోడ్డుకు పైన, కొండవాలులో ఉన్న చిన్న ఊరు. మాకు అన్నదమ్ములు లేరు. నాన్న పోయాక ఊరి పెద్దలు కూర్చుని కాఫీ తోటను నాకూ, నా చెల్లెలు సన్యాసమ్మకూ పంచి, హద్దురాళ్ళు పాతి, కాగితం మీద ఒప్పందం రాసి ఇద్దరి చేతా వేలిముద్రలు వేయించారు. ఆ ఒప్పందం రెండు పంటలు కూడా నిలబడలేదు. ఒక రాయి జరిగింది, నువ్వు జరిపావంటే నువ్వు జరిపావని మాటా మాటా పెరిగింది, ఊరంతా చూస్తుండగా నేను వంగి గుప్పెడు మట్టి తీసి, "నీ గుమ్మం తొక్కినా, నీ ఇంటి నీళ్ళు ముట్టినా నా కూతురు నాకు దక్కదు, ఒట్టు!" అనేశాను.

అయ్యో, ఎంత మాట అన్నానో ఇంటికొచ్చి ఎనిమిదేళ్ళ నా సుందరి ముఖం చూశాక గాని తెలియలేదు! సంతకు వెళ్ళే దారి కింద రోడ్డు పక్కనున్న చెల్లెలి ఇంటి ముందు నుంచే, నేను మాత్రం తోటలో చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. పిల్లకు జ్వరం వస్తే, కలలో గాని ఆ గుమ్మం తొక్కానేమోనని వణికేదాన్ని. నవ్వకండి, నిజం!

తర్వాత ప్రభువు నన్ను పిలిచాడు, బాప్తిస్మం తీసుకున్నాను, పాటలు నేర్చుకున్నాను. సాక్ష్యం చెప్పమంటే అన్నీ చెప్పి, ఈ ఒట్టు ఒక్కటీ దాచేదాన్ని. ఒక ఆదివారం పాస్టరు గారు నిబంధన గురించి చెప్పారు. ఒప్పందం ఇద్దరూ నిలబెడితేనే నిలుస్తుందట, నిబంధన అయితే మనం తప్పినా తాను తప్పని దేవుడు తన రక్తంతో నిలబెట్టినదట. కూటం అయ్యాక ఏడుస్తూ ఆయనకు అంతా చెప్పేశాను.

"అమ్మా, నీ కూతురి ప్రాణం దేవుడు నీ నోటికి అప్పగించలేదు. అలాంటి ఒట్టు వెయ్యడమే పాపం. ఒప్పుకుని, చెల్లెలి దగ్గరికి వెళ్ళు" అన్నారాయన. ఆమేన్ అన్నాను గాని వెళ్ళలేదు.

పోయిన వానాకాలం సుందరి తొలికాన్పుకు నా దగ్గరికి వచ్చింది. చెప్పిన రోజులకంటే ముందే, ఒక పొద్దున నొప్పులు మొదలయ్యాయి. మా ఊరికి బండి రాదు, జోరువానలో డోలీ కట్టి మగవాళ్ళు మోసుకుని రోడ్డు దాకా దించారు. అక్కడికి వచ్చాక తెలిసింది, ఘాట్‌లో చెట్టు పడి అంబులెన్సు ఆగిపోయిందని. నా బిడ్డ కేకలు విని సన్యాసమ్మ తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. మా అమ్మ దగ్గర పురుడు పోయడం నేర్చుకున్నది అదే. "లోపలికి తెండి, బేగి!" అని డోలీని తన ఇంట్లోకే నడిపించింది.

నేను గుమ్మం బయట ఆగిపోయాను సహోదరులారా! లోపల నా బిడ్డ అమ్మా అమ్మా అంటోంది, బయట నా కాళ్ళు కదలవు, వెళ్తే నా ఒట్టు దాన్ని చంపుతుందేమో, వెళ్ళకపోతే అది నేను లేక చచ్చిపోతుందేమో! చెల్లెలు మళ్ళీ బయటికి వచ్చింది.

"ఏటక్కా, అలాగ నిలబడిపోనావు? ఒట్టు నీది, నోరు నీది, లోపలున్న గుంట మాత్రం మనిద్దరి బిడ్డ. రా!"

అప్పుడు ఆ వానలోనే ప్రార్థన చేశాను: "యేసయ్యా, ఈ ఒట్టు నేను వేశాను, నీవు వెయ్యలేదు. నా బిడ్డ నా మాట మీద బతకడం లేదు, నీ మాట మీద బతుకుతోంది. నన్ను క్షమించు తండ్రీ, నేను లోపలికి పోతున్నాను."

పోయాను! సుందరి తల నా ఒడిలో పెట్టుకున్నాను, చెల్లెలు పని చూసుకుంది, కాసేపటికి ఆడపిల్ల పుట్టి ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. సన్యాసమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. గటగటా తాగేసి, దాని మెడ పట్టుకుని ఏడ్చాను. అంబులెన్సు వచ్చి తల్లినీ పిల్లనూ ఆసుపత్రికి తీసుకెళ్ళింది, ఇద్దరూ క్షేమమే. దేవునికే మహిమ!

ఇప్పుడు నేనూ చెల్లెలూ ఒకరి తోటలో ఒకరం కాఫీ పళ్ళు కోసుకుంటున్నాం. తను ఇంకా మందిరానికి రావడం లేదు. నేను పోరు పెట్టను, దాని పేరు ప్రభువుకు చెప్పుకుంటాను. మనవరాలికి మాత్రం మా ఇద్దరిలో ఎవరు ఎత్తుకున్నా నవ్వే!

ప్రియులారా, మీలో ఎవరైనా కోపంలో అన్న మాటకు కట్టుబడి తోబుట్టువుకు దూరంగా ఉంటే, తన మాట తప్పని యేసయ్యను నమ్మి ఇవాళే లేవండి. కూటం అయ్యాక భోజనాలున్నాయని ఆగకండి. ముందు వెళ్ళి వాళ్ళను పలకరించి రండి, మీ ఇద్దరికీ అన్నం మేము తీసి ఉంచుతాం.