బామ్మర్ది చింపిన కాగితం

మొన్న బీపీ చూపించుకుందామని మా ఆవిడతో బస్తీ దవాఖానకు వెళితే, నర్సమ్మ ఒక కాగితం తీసి "తాతా, పానం నిమ్మలంగ ఉంటున్నదా?" అని అడిగింది. "ఆ ప్రశ్న రాసిందే నేను బిడ్డా" అన్నాను. వరుసలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు.

ఆ కాగితం తయారుచేసింది మా ఆవిడ తమ్ముడు. మనస్తత్వశాస్త్రం ప్రొఫెసరు. జ్వరం చూసినట్టు దిగులునూ కొలవవచ్చంటాడు. పెళ్లినాటి నుంచీ నాకు వాడంటే గిట్టదు. మా పుప్పాలగూడ పొలాలు పోయి టవర్లు లేచిన రోజుల్లో, ఊళ్లో ఆడవాళ్ల మనసులు ఎలా ఉన్నాయో చూస్తానని ప్రశ్నల కట్టతో దిగాడు. మొదట మా ఇంటికే వచ్చాడు.

అప్పటికి మా ఆవిడ కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి నెలలైంది. మా జొన్నచేను ఉన్నచోట లేచిన అద్దాల మేడను వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడిపోయేది. పొయ్యిమీద అన్నం మాడిపోయేది. ఆ సంగతి గడప దాటకూడదని నా పంతం. అదీగాక, ఓటరు జాబితావాళ్లొచ్చినా గ్యాసువాళ్లొచ్చినా అందరి తరఫునా నేనే జవాబు చెప్పడం మా ఇంటి రివాజు. వాడికీ అలాగే చెప్పాను.

"నిద్ర పడ్తున్నదా అక్కా?"

"మస్తుగ పడ్తది" అన్నాను.

"ఆకలైతున్నదా?"

"నాకంటె రెండు ముద్దలు ఎక్కువనే తింటది."

ఆమె కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. వాడు కాగితాన్ని నిలువునా చింపాడు.

"ఇది కొలిచింది మా అక్కను కాదు బావా, నిన్ను. ఇగ బయటికి నడువు."

"నా ఇంట్ల నన్నే పొమ్మంటవారా? నీ కొలతలు నీ కాలేజీల పెట్టుకో."

"నువ్వు కూసున్నకాడ ఏ కొలతా పనిచెయ్యది."

చెప్పులేసుకుని బయటికి నడిచాను. గంటసేపు ఎండలో నిలబడి వాడిని తిట్టుకున్నాను. తర్వాత మందులూ మాటలతో ఆమె నెమ్మదిగా తేరుకుంది. నేను మాత్రం వాడితో ఈనాటికీ మాట్లాడను.

దవాఖానలో అందరూ ఇంకా నావైపే చూస్తుంటే కాస్త తగ్గాను. "రాయలేదులే బిడ్డా. వాడు 'విషాదానికి లోనవుతున్నారా' అని రాసుకొచ్చిండు. గట్ల గాదు, పానం నిమ్మలంగ ఉందా అని అడుగుర అని వాకిట్లకెంచి నేనే అరిచిన."

పక్కనే కూర్చున్న మా ఆవిడ నావైపు తిరగనైనా లేదు. నర్సమ్మతోనే చెప్పింది.

"ఈయన అరవలే. పానం నిమ్మలంగ లేదని నా తమ్మునితోని నేనన్న. ఈయన బయటికి పోయినంకనే అన్న. గా మాటనే వాడు కాయితంల ప్రశ్న చేసిండు. నలభై ఏండ్లల ఒక్కలు నన్ను అడిగి, నేను చెప్పేదాంక ఆగింది గా ఒక్కనాడే."